పోర్చు లేని పోర్చుగల్

కమిషనరు త్రివిక్రమరావు గారు అడిగింది మధ్యతరగతి వాటా. మాకు వినబడింది మధ్యతరగతి వాటరు.

తప్పు మా చెవులది కాదు. ఆయన పదకొండు రోజుల యూరపు అధ్యయన యాత్ర ముగించుకుని విమానం దిగీ దిగగానే ఫోన్ చేశారు. ఆయన వెనక ఎవరో విమానాల వేళలు చదువుతున్నారు. ఇవతల మా కొండూరుపేట మున్సిపల్ ఆఫీసులో జనరేటరు జపం చేస్తోంది. ఆ రెండు మోతల సందులోంచి, “మన ఊళ్ళో మధ్యతరగతి వాట... ఎంతో సాయంత్రానికల్లా నా బల్ల మీద ఉండాలి” అని ఒక ఆజ్ఞ దూరి వచ్చింది. ఫోనెత్తిన సీనియర్ అసిస్టెంటుని నేనే గనక వెంటనే మంచినీళ్ళ సెక్షను ఏఈ కామేశ్వర్రావుని పిలిచాను. అతను సాయంత్రానికల్లా మూడు పేజీల నివేదిక వండేశాడు.

కమిషనరు గారు చదివారు. “మధ్యతరగతి వీధులకు రెండు రోజులకోసారి, ఉదయం ఐదున్నరకు, నలభై నిమిషాలు. అందులో చివరి పది నిమిషాలు గాలి. ఏమిటయ్యా ఇది నరసింగం?”

“తమరడిగిన మధ్యతరగతి వాటరండీ.”

“వాటరు కాదయ్యా, వాటా! వాటా! నేను యూరపెళ్ళింది కుళాయిలు చూట్టానికా?”

ఆయన సూట్‌కేసులోంచి ఒక కాగితం తీసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టారు. దాని మీద రెండు స్తంభాలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాని కింద ఫిన్లాండు అనీ, పొట్టిదాని కింద పోర్చుగల్ అనీ ఉంది. పైన శీర్షిక, పక్కన అంకెలు జెరాక్సులో తెగిపోయాయి.

“రెండు దేశాల్లో మధ్యతరగతి వాటా. సదస్సులో పంచిపెట్టారు. చూశావా ఆ పొడుగు? చూస్తూ ఉంటే జాతీయగీతం పాడాలనిపిస్తుంది. మన ఊరు కూడా అలా లేవాలి.”

“ఎంతకి లేవాలండీ? అంకె పడలేదు,” అన్నాడు కామేశ్వర్రావు.

“స్కేలుందా?”

ఉంది. కొలిచాం. పొడుగుది తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, పొట్టిది ఏడు. పది సెంటీమీటర్లంటే నూరు శాతం అయి ఉంటుందని కమిషనరు గారు తీర్మానించారు. ఆ లెక్కన నూటికి తొంభై అయిదుగురు మధ్యతరగతి అయితే ఫిన్లాండు, డెబ్భై మంది అయితే పోర్చుగల్. ఒక దేశాన్ని కొలవడానికి ఒక ప్లాస్టిక్ స్కేలు చాలునని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడే సర్క్యులరు దిగింది. “విషయము: పట్టణమునందు మధ్యతరగతి వాటాను యుద్ధప్రాతిపదికన పెంపొందించుట గురించి. పోటీ లేనిదే ప్రగతి లేదు గనుక, పట్టణమును కాలువ ఆధారముగా రెండు దేశములుగా విభజించడమైనది. కాలువకు ఉత్తరముననున్న పన్నెండు వార్డులు ఫిన్లాండుగాను, దక్షిణముననున్న పన్నెండు వార్డులు పోర్చుగల్‌గాను పరిగణింపబడును. లక్ష్యము సాధింపని సిబ్బంది వివరణ ఇచ్చుకొనవలసి యుండును.”

అలా ఒక్క సంతకంతో మా ఊరి చేపల మార్కెట్టు, రిక్షా కాలనీ, దోబీఘాట్ పోర్చుగల్లో పడ్డాయి. పన్నెండు వార్డులూ గాలించినా పోర్చు గల ఇల్లు ఒక్కటి లేదు. అయినా అది పోర్చుగల్లే. అవతల ఫిన్లాండులో పోర్చులు బోలెడు గానీ, ఆ సెక్షను ఫైళ్ళకి గుచ్చడానికి ఒక్క పిన్ను లేదు. అదీ పరిస్థితి.

వారం తిరిగేసరికి జనం అలవాటు పడిపోయారు. ఆటోవాళ్ళు వంతెన దగ్గర నిలబడి, “పోర్చుగల్, పోర్చుగల్, ఒక్కరెక్కితే వెళ్ళిపోద్ది” అని అరిచేవారు. ఫిన్లాండు పిల్లనిచ్చిన మామగారు పోర్చుగల్ అల్లుణ్ణి విదేశీ సంబంధమని పరిచయం చేసుకునేవాడు.

ఇక మనుషుల్ని మధ్యతరగతిలోకి ఎక్కించాలి. ఎక్కించాలంటే గుర్తు పట్టాలి. దానికి కమిషనరు గారే స్వయంగా అర్హతల పట్టిక తయారు చేశారు. ఫ్రిజ్, సోఫా, గోడ గడియారం, షోకేసులో ఎవరూ తాగని కప్పులు, నెల ఇరవయ్యో తారీకు నుంచి కంగారు. ఈ అయిదింటిలో ఏ రెండున్నా మధ్యతరగతే. సిబ్బందిలో ఒక్కొక్కరు నలభై మందిని వెతికి పట్టుకోవాలి.

నాకు వెతకడానికి తీరిక లేదు. మా ఆఫీసు గేటు ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే సత్యవేణి పేరు మొట్టమొదట రాసేశాను. దగ్గరగా ఉంది కదా అని. ఆమె భర్త లారీ క్లీనరు. పోయి ఆరేళ్ళయింది. వితంతు పింఛను, బియ్యం కార్డు, ఆ ఇడ్లీ బండి, ఈ మూడింటి మీద ముగ్గురు మనుషులు బతుకుతున్నారు. ఆమె, ఆమె అత్తగారు, ఇంటర్ చదివే కూతురు.

“ఏటండీ నరసింగం గారూ, నా పేరెందుకు రాస్తన్నారు?” అంది చట్నీ వేస్తూ.

“నీకు ప్రమోషనమ్మా. మధ్యతరగతిలోకి.”

“ఆయ్, నాకేటండీ? ఫ్రిజ్జా సోఫానా?”

“గోడ గడియారం ఉందా?”

“ఉందండి. పెళ్ళికి పెట్టింది. ఆయన పోయిన్నాడే అదీ ఆగిపోయింది.”

“ఆగినా గడియారమే. ఇరవయ్యో తారీకు నుంచి కంగారు?”

“మాకు ఒకటో తారీకు నుంచేనండి.”

“మరింకేం, అర్హత కన్నా పందొమ్మిది రోజులు ఎక్కువే ఉంది.”

నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఖరీదు నెల తిరక్కుండానే తెలిసింది. వార్డు సచివాలయంలో పావని అనే అమ్మాయి కంప్యూటర్లో మీట నొక్కగానే సత్యవేణి పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. మరుక్షణం పింఛను ఆగిపోయింది, బియ్యం ఆగిపోయాయి. మధ్యతరగతికి అవెందుకని యంత్రం అడిగింది. యంత్రాన్ని ఎదురడిగే అధికారం మా దగ్గర ఎవరికీ లేదు.

ఆ ఉదయం నా ప్లేటులో ఇడ్లీలు వేసింది గానీ చట్నీ వెయ్యలేదు.

“తరగతి పెంచారు, గతి తరిగిందండి,” అంది. “మా అత్తకి నెలనెలా బీపీ బిళ్ళలు ఆ పింఛన్లోంచే. మీరు రాసిన పేరు మీరే తీసెయ్యండి బాబూ.”

పావని దగ్గరికి పరిగెత్తాను. “ఎక్కించడానికి బటనుంది సార్, దించడానికి లేదు,” అంది ఆ పిల్ల పాపం, ఏడుపు మొహంతో. “పైకెళ్ళినవాళ్ళు కిందికి రారని సాఫ్ట్‌వేర్ వాళ్ళ నమ్మకం. ఏడో నంబరు ఫారం ఒకటుంది గానీ అందులో కారణం గడిలో ఒక్కటే కారణం ఒప్పుకుంటుంది సార్. ‘గణకుని పొరపాటు.’”

గణకుడంటే నేను. పొరపాటు ఒప్పుకుంటే ఇంక్రిమెంటు కోత. ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. జేబులో పెట్టుకున్న ఫారం సంతకం పెట్టిన ఫారం కాదని నాకూ తెలుసు, నా జేబుకీ తెలుసు.

ఇదిలా ఉండగా ఫిన్లాండులో సంక్షోభం వచ్చింది. రైసు మిల్లు చిట్టిరాజు గారు మూడు మిల్లులు, రెండు కార్లతో ఆఫీసుకొచ్చారు. మిల్లులు కాగితాల మీద, కార్లు చక్రాల మీద.

“ఏవయ్యా కమిషనరూ, నన్ను మధ్యతరగతి అన్నారంట?”

“గౌరవంగానే అన్నాం రాజుగారూ. తమరు పై తరగతి అయినా, లక్ష్యసాధన దృష్ట్యా మధ్యకు సర్దుబాటు...”

“పై నుంచి కాదయ్యా! నేను కిందనున్నాను. తెల్ల కార్డు నాది. ఇప్పుడు పైకెక్కిస్తే నా కార్డేం గాను?”

రికార్డు తీయించి చూశాం. నిజమే. మూడు మిల్లుల చిట్టిరాజు గారు పదిహేనేళ్ళుగా కటిక పేదవారు. వారి కుటుంబమంతా, డ్రైవరుతో సహా, పేదవారే. కమిషనరు గారు ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని, “కడు నిరుపేదలైన చిట్టిరాజు గారిని బలవంతంగా మధ్యతరగతిలోకి నెట్టడం మానవతా దృక్పథానికి విరుద్ధం గనుక మినహాయింపు ఇవ్వడమైనది” అని రాసి సంతకం చేశారు. రాజుగారు పేదరికం నిలబెట్టుకుని, పెద్ద కారెక్కి వెళ్ళిపోయారు. ఆ ఖాళీ పూరించడానికి దోబీఘాట్ నుంచి నలుగుర్ని కాగితం మీద కాలువ దాటించి ఫిన్లాండు మధ్యతరగతి చేశారు.

మార్చి వచ్చేసరికి ఫిన్లాండు తొంభై నాలుగున్నర. పోర్చుగల్ అరవై తొమ్మిది. పత్రికల్లో ఫొటోలు. ఊపు మీదున్న కమిషనరు గారు సదస్సు వాళ్ళకి ఉత్తరం రాశారు, మా ప్రయోగం కళ్ళారా చూసి పొమ్మని. వాళ్ళు నిజంగా వస్తారని ఆయన అనుకోలేదు. ఒకావిడ వచ్చేసింది. హెలెనా గారు. అసలు పోర్చుగల్ ఆవిడ. దేశాల ఆదాయాల లెక్కలు చూసే ఉద్యోగం. యాభై ఏళ్ళుంటాయి, నూలు టోపీ, చేతిలో చిన్న నోటు పుస్తకం, నీలం నీళ్ళసీసా.

“రేపు మన పోర్చుగల్‌ని చూస్తుందట. నాలుగిళ్ళు!” అన్నారు కమిషనరు గారు చెమటలు కక్కుతూ. “ఫ్రిజ్జులేవయ్యా? సోఫాలేవయ్యా?”

ఇక్కడే మా ఆఫీసు ప్రతిభ చెప్పుకోవాలి. తనిఖీ అంటే మాకు భయం లేదు. బడి తనిఖీకి పక్కూరి బల్లలు, ఆసుపత్రి తనిఖీకి లాడ్జి దుప్పట్లు, మొక్కల తనిఖీకి నర్సరీ కుండీలు అద్దెకు తెచ్చిన చేతులివి. షామియానా సప్లయర్ సూరిబాబుని పిలిచాం. అతని దగ్గర సోఫా ఒకటే ఉంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర మఖమలు సింహాసనం. రెండు వైపులా బంగారు రంగు నెమళ్ళు. ఫ్రిజ్ కూడా ఒక్కటే, విందుల్లో ఐస్‌క్రీములు పెట్టేది.

“ఒక్కటి చాలు,” అన్నారు కమిషనరు గారు. “ఆవిడ ముందు వీధిలో నడుస్తుంది. సామాను వెనక సందులో నడుస్తుంది.”

అలాగే నడిచింది. దుబాసీగా నేను ఆవిడ పక్కన. బీఏలో నాది ఇంగ్లీషు సాహిత్యం లెండి. మొదటి ఇల్లు చేపల అప్పాయమ్మది. ఆమె సింహాసనం మీద బిగుసుకుని, రెండు నెమళ్ళ మధ్య మూడో నెమలిలా కూర్చుంది. మూలన ఫ్రిజ్. కరెంటు లేని ఇల్లు గనక దాంట్లో చేపల మార్కెట్ ఐసు దిమ్మలు పేర్చారు. ఎండకి తాళలేక హెలెనా గారు తన నీలం సీసా చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టి, మాటల్లో పడి మరిచిపోయి బయటికొచ్చారు. నేనూ చూసుకోలేదు.

రెండో ఇంటికి వెళ్ళే దారిలో కొబ్బరిబొండాల స్వాగతం. ఈ లోపల సందులో ట్రాలీ ఆటో పరుగు. మూడో ఇంటి ముందు కోలాటం. ట్రాలీ పరుగు. ఇల్లిల్లూ అదే సింహాసనం, అవే నెమళ్ళు. “మీ ఊళ్ళో సామాన్యులు కూడా రాజుల్లా కూర్చుంటారే!” అన్నారు హెలెనా గారు. కమిషనరు గారు ఉప్పొంగిపోయారు. “సాంస్కృతిక వైభవం అని చెప్పు నరసింగం!”

నాలుగో ఇల్లు సత్యవేణిది.

రేకుల ఇల్లు. ఉన్న ఒక్క గదినీ సింహాసనం నింపేసింది. అత్తగారు దాని వెనక ఎక్కడో దగ్గుతోంది గానీ కనబడ్డంలేదు. గోడ మీద ఆగిన గడియారం. హెలెనా గారు దాహం వేసి నీళ్ళడిగారు. ఎవరు అడ్డుపడేలోగా తానే ఫ్రిజ్ తలుపు తీశారు.

లోపల ఐసు దిమ్మల మధ్య నీలం సీసా, తళతళలాడుతూ.

ఆవిడ సీసా తీశారు. తిప్పి చూశారు. మూత మీద తన పేరు చీటీ. ఒక గుక్క తాగారు. వాసన చూశారు, చేపల వాసన. నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుని సత్యవేణి వైపు తిరిగారు.

“ఈ ఫ్రిజ్ మీదేనా అని అడుగుతున్నారమ్మా,” అన్నాను.

సత్యవేణి కమిషనరు గారి వంక చూసింది, నా వంక చూసింది.

“కాదండి. మీ సీసా ఉంది కదా, మీదేనేమోనండి.”

కమిషనరు గారు నా చెవిలో, “స్వాగతం పలుకుతోందని చెప్పు,” అన్నారు. నేను స్వాగతం అనే చెప్పాను. ఇంక్రిమెంటు మరి. హెలెనా గారు నా మొహంలోకి ఒక క్షణం చూసి, నోటు పుస్తకంలో ఇంకో ముక్క రాసుకున్నారు.

మధ్యాహ్నం కౌన్సిల్ హాల్లో సన్మాన సభ. రెండు దేశాల మధ్యతరగతి అంతా వచ్చింది. వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ, దాని మీద మా రెండు స్తంభాలు. సన్మానానికి సింహాసనమే వేశారు. ఆ రోజు దానికది ఐదో ప్రయాణం. కమిషనరు గారు అరగంట మాట్లాడి, “సోదర సోదరీమణులారా, యూరపు వందేళ్ళలో సాధించినది మనం వంద రోజుల్లో సాధించాం!” అని ముగించి, హెలెనా గారికి మైకిచ్చారు.

ఆవిడ లేచి ఫ్లెక్సీ దగ్గరికి నడిచారు. స్తంభాన్ని వేలితో తట్టి నన్ను అడిగారు, “దీన్ని వీళ్ళు ఏమనుకున్నారు?”

“మధ్యతరగతి జనం ఎంతమంది అన్న లెక్క,” అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచారు. మెల్లగా, ఒక్కో వాక్యం ఆగి, చిన్న పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. నేను మైకులో ఒక్కో వాక్యమే తెలుగు చేశాను. అవి తెలుగయ్యే కొద్దీ హాలు చల్లబడింది.

“ఇది మనుషుల లెక్క కాదు. దేశం మొత్తం సంపాదనలో మధ్యలో ఉన్నవాళ్ళ చేతికి ఎంత వస్తోందన్న లెక్క. రొట్టె తినేవాళ్ళెందరని కాదు, వాళ్ళ వంతుకి వచ్చే ముక్కెంత అని. ముక్క చిన్నదైతే మా దేశంలో మేం సిగ్గుపడతాం, ఎందుకు చిన్నదైందని వెతుకుతాం. అంతేగాని మనుషుల పేర్లు మార్చం. ఇంకొకటి. ఈ స్తంభాలు సున్నా నుంచి మొదలవలేదు. తేడా కనబడ్డానికి కింది భాగం కోసేశారు. స్కేలు పెట్టి కొలిస్తే ఏమీ తెలియదు.”

కామేశ్వర్రావు జేబులో ఉన్న స్కేలుని మెల్లగా లోపలికి తోసుకున్నాడు.

అప్పుడు పోర్చుగల్ వైపు మూడో వరసలోంచి సత్యవేణి లేచింది. చేతిలో లామినేషన్ చేసిన మధ్యతరగతి ధ్రువపత్రం.

“అంటే మమ్మల్ని పైకెక్కించడం కాదండీ? డబ్బు మా దాకా దిగాలా?”

“అవునమ్మా,” అన్నాను. దుబాసీ పని మరిచిపోయి.

“మరి మనిషి లెక్కలో నన్ను కలిపేశారు. ముక్క లెక్కలో నా ముక్కేదండి? ఎక్కడుందో చెబితే ఎల్లి తెచ్చుకుంటాను. లేదంటే నా పింఛను నాకిచ్చెయ్యండి. మా అత్త బిళ్ళలు మింగి పద్దెనిమిది రోజులయింది.”

హెలెనా గారు నా వైపు చూశారు. కమిషనరు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. “కృతజ్ఞతలు చెబుతోందని చెప్పు నరసింగం. జాగ్రత్త.”

పొద్దున ఒకసారి స్వాగతం అన్నాను. ఆ ముక్క ఇంకా గొంతులోనే ఉంది. దాని పక్కన కృతజ్ఞతలకి చోటు లేదు. ఆమె అన్నది అన్నట్టు చెప్పాను, పద్దెనిమిది రోజులతో సహా. నెమళ్ళ సోఫా గురించీ, సందులో ట్రాలీ గురించీ కూడా చెప్పేశాను. హెలెనా గారు, “సోఫా సంగతి మూడో ఇంట్లోనే తెలిసింది. దాని చేతి మీద రెండో ఇంట్లో అంటిన నా వేలి ముద్ర ఉంది, కొబ్బరినీళ్ళ జిగురుతో,” అన్నారు.

కమిషనరు గారు మైకు లాక్కున్నారు. “వాటా విషయమై ఉన్నతస్థాయి కమిటీ వేసి, నివేదిక అందిన పిమ్మట, నిధుల లభ్యతను బట్టి...”

“ఎప్పటికండీ?” అంది సత్యవేణి.

“...తగు సమయంలో.”

వెనక వరసలోంచి కామేశ్వర్రావు లేచాడు. “వాటా సంగతి మాకు తెలీదు గానీ వేణమ్మా, వాటరు మాత్రం ఎల్లుండి ఐదున్నరకి వస్తుంది. నలభై నిమిషాలు.” హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఫిన్లాండూ పోర్చుగల్ కలిసి నవ్వడం మా ఊళ్ళో అదే మొదలు.

ఆ నవ్వుల్లో నేను వేదిక దిగి, జేబులో నలిగిపోయిన ఏడో నంబరు ఫారం తీసి, సత్యవేణి కుర్చీ చేతి మీద పెట్టి రాయడం మొదలెట్టాను. ఆమె పేరు, తరవాత నేను రాసిన మిగతా ముప్ఫై తొమ్మిది పేర్లు. కారణం గడిలో ‘గణకుని పొరపాటు’ అని రాసి కింద సంతకం పెట్టాను. సభకి వచ్చిన పావని సంచిలోంచి సచివాలయం ముద్ర తీసి అక్కడే వేసింది.

సత్యవేణి ఒంగి చదివింది. “పొరపాటు మీదని రాసుకున్నారేటండీ?”

“నాదే కదమ్మా.”

“మీది సరేనండి.” వేదిక మీద సింహాసనంలో కూలబడి, రెండు నెమళ్ళ మధ్య మంచినీళ్ళు తాగుతున్న కమిషనరు గారి వైపు గడ్డంతో చూపించింది. “మరి ఆయనదో?”

ఫారం తిరగేసి చూశాను. వెనక ఖాళీ.

“దానికి గడి లేదమ్మా.”